పంగిడి నల్లరాయి

కొవ్వూరు ప్రాంతంలో ఇల్లు కట్టుకున్నవారికి పంగిడి కంకరను పరిచయం చేయనక్కరలేదు. మా ఇంటి పునాదిలో ఉన్నదీ, పైకప్పులో ఉన్నదీ ఆ కంకరే. తెలుగు పండితుడిగా ముప్పయ్యేళ్ల పైచిలుకు పాఠాలు చెప్పాను. సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ తరగతికీ వెళ్లి, అగ్నిపర్వతాలు జపానులో ఉన్నవి, ఇటలీలో ఉన్నవి అని పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. మా కాళ్ల కింద పరచిన కంకర చల్లారిన లావాయేనన్న సంగతి నాకు అరవై దాటాక గాని తెలియలేదు. చెప్పినది మా అమ్మాయి.

అమ్మాయి భూగర్భశాస్త్రం చదివింది. సంక్రాంతికి భర్తతో, పదకొండేళ్ల కూతురితో వచ్చి, "నాన్నగారూ, ఈసారి చుట్టాల ఇళ్లు చాలు, రాళ్లు చూద్దాం రండి" అన్నది. పండుగ దినాలు కనుక పేలుళ్లు లేవు, టిప్పర్ల దుమ్ము లేదు. తెల్లవారుతూనే పంగిడి దగ్గర కారు ఆపి, పని మానేసిన పాత క్వారీల అంచుల వెంట గౌరీపట్నం వైపు నడక సాగించాము. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ కూడా ఊతకర్ర పుచ్చుకొని బయలుదేరింది. పులిహోర మూట అల్లుడుగారి వీపున ఉన్నది.

కాలిబాట అంతా నల్లరాయి. మెట్లు మెట్లుగా విరిగి ఉన్నది. ఇంగ్లీషువారు దీనిని 'ట్రాప్' అంటారు. స్వీడిషు భాషలో 'ట్రాపా' అంటే మెట్లు. ఆ మాటే ఇటు నడిచివచ్చింది. మన భాషలో లావాకు వాడుకలో సొంత మాట లేదు. బడబాగ్ని అన్నారు పెద్దలు గాని అది సముద్రగర్భంలోని అగ్ని. రాయిని రోజూ చేత్తో పట్టుకున్నాము, పేరు మాత్రం పెట్టుకోలేదు.

"తాతయ్యా, మరి అగ్నిపర్వతం ఏదీ?" అని మనవరాలు నాలుగు దిక్కులా చూచింది. న్యాయమైన ప్రశ్నే. జవాబు వాళ్ల అమ్మ చెప్పింది. ఇక్కడ లేదు. ఈ లావా పుట్టినది పడమటి కనుమల వైపు, దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన. నేను నమ్మలేదు. బెల్లం పాకం పళ్లెం అంచు దాకా పోయేలోగానే గట్టిపడుతుంది కదా, వెయ్యి కిలోమీటర్లు ఎలా పారుతుంది అన్నాను. పైన తొలుత పొర కడుతుందట. ఆ పొరే దుప్పటిలా కప్పి వేడిని నిలుపుతుంది. లోపలి ద్రవం చల్లారక ముందుకు తోసుకుపోతుంది. ఆనాటి నదీలోయలే దానికి కాలువలు.

ఇది ఊహ మాత్రమే కాదు. రాజమండ్రి లావాలో కింది అంతస్తు రసాయనలక్షణాలు పడమటి కనుమలలో అంబెనలి పేరుగల అంతస్తుతోనూ, పై అంతస్తువి మహాబలేశ్వరం అంతస్తుతోనూ సరిపోయాయి. కరిగిన రాయి గడ్డకట్టేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంతదిశను తనలో నిలుపుకొంటుంది. కింది లావాలో ఆ దిశ నేటికి తలకిందులు, పైదానిలో నేటివలెనే ఉన్నది. పడమటనూ అదే క్రమం. ఈ పోలికలను పరిశీలించి స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో, భూమిమీద తెలిసిన లావా ప్రవాహాలలో బహుశా ఇవే అతి దీర్ఘమైనవని రాసింది. గోదావరి పుట్టిన బ్రహ్మగిరి, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం, అజంతా గుహలు తొలిచిన కొండ, అన్నీ ఈ జాతి రాయే. నదుల కంటే ముందు రాయి మన ఊరు చేరింది!

అసలు చూడవలసినది ఆ రెండు లావాల నడుమ ఉన్నది. నల్లటి గోడ మధ్య తెల్లని చార. అది సున్నపురాయి, అందులో గుల్లలు. కింది లావా చల్లారిన తరువాత సముద్రపు నీరు, నదినీరు కలిసే చోట మడుగులు ఏర్పడి, వాటిలో నత్తలూ ఆల్చిప్పలూ బతికాయి. ఆపైన మరొక లావా వచ్చి వాటిని కప్పింది. గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీలలోనే ఆ పొరను పరీక్షించి, కంటికి కనిపించనంత చిన్న సముద్రజీవుల గుల్లలను బట్టి, రాక్షసబల్లులు అంతరించిన వెంటనే వచ్చిన యుగానిదని 2008లో ప్రకటించింది. అనగా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి మాట. కింది లావా ఆ వినాశకాలానిది. తెల్లచార ఆ తరువాత మళ్లీ మొదలైన జీవానిది.

ఈ గుల్లలు కొత్తగా దొరికినవి కావు. మద్రాసు నుంచి 1835లో ఉత్తర సర్కారులు తిరిగిన బెంజా అనే వైద్యుడు పంగిడి రాతిని గురించి రాశాడు. నాగపూరులో మతబోధకుడుగా ఉంటూ గోండుల గాథలు సేకరించిన స్టీఫెన్ హిస్లాప్, 1860లో లండన్ పత్రికలో రాజమండ్రి గుల్లలను వర్ణించాడు. ఆయనకు గుల్లలు అందించినవారిలో వాల్టర్ ఇలియట్ ఒకడు. 1845లో అమరావతి శిల్పాలను తవ్వించిన ఇలియట్ దొరే! ఆ ఇలియట్‌ను గురించి నేను ఎన్నో చదివాను, తరగతిలో చెప్పాను. మా ఊరి పక్క గుల్లల ఊసు మాత్రం నా చెవిన పడలేదు. శిల్పం మనిషి చెక్కినది కనుక చరిత్ర అనుకున్నాను కాబోలు.

అమ్మాయి సంచిలోంచి తన విద్యార్థి దశ నోటుబుక్కు తీసింది. ఒక పేజీలో క్వారీ గోడ బొమ్మ, తెల్లచార, పక్కన కొలతలు. ఆ గోడ కోసమే వచ్చింది. చింతచెట్టు గుర్తు పట్టి వెళ్తే గోడ లేదు, లోతైన గొయ్యి, నిండా పచ్చని నీరు. చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల అమ్మ దగ్గరకు పోయి భుజం మీద చెయ్యి వేసింది.

కోపం ఎవరి మీద తెచ్చుకోను? క్వారీ తవ్వకపోతే ఆ చార వెలుగు చూసేదే కాదు. మా డాబాకు నేనూ రెండు లారీల కంకర తోలించుకున్నాను. ఆ లారీలలో ఏ పేజీ పోయిందో! తాళపత్రగ్రంథాలను పొయ్యిలో వేసినవారిని తిట్టిపోసిన నోరు నాది. రోడ్లు వద్దనను. తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి కాపాడుతున్నారు. పంగిడిలో అంత హంగు అక్కరలేదు. తెల్లచార ఉన్న ఒక్క గోడను తవ్వకుండా వదలి, ముందొక కంచె వేస్తే చాలు. పంచాయతీవారికి ఒక అర్జీ రాసి పెట్టాను. ఈ పరిసరాల బ్లాగ్మిత్రులెవరైనా సంతకం కలుపుతారేమో చూడాలి.

తిరుగుదారిలో రాళ్లకుప్ప దగ్గర మనవరాలు ఆగింది. గోడలకు పూడ్పుగా పోయడానికి పక్కకు నెట్టిన తెల్లరాళ్లవి. నలుసంత గుల్ల మెలికతో సహా అంటుకొని ఉన్న పెంకు ఒకటి ఏరింది. ఇంటికి వచ్చాక అగ్గిపెట్టెలో దూది పరచి దానిని పెట్టి, "తాతయ్యా, నీ చేతిరాత బాగుంటుంది కదా, చీటీ నువ్వే రాయి" అన్నది. తేదీ వేసి, "పంగిడి, రెండు లావాల నడుమ" అని రాసి ఇచ్చాను.