కుంగిన మనసుకు కతోలిక మందులు

నాలుగో శతాబ్దిలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న ఎవాగ్రియస్ మధ్యాహ్నం పూట మునులను పట్టే ఒక బాధను కళ్ళకు కట్టినట్టు రాశాడు. పొద్దు కదలదు. ముని మాటిమాటికీ గది బయటికి తొంగిచూస్తాడు, సూర్యుడు ఎంతవరకు వచ్చాడా అని. చేసే పని మీద రోత పుడుతుంది. తోటివాళ్ళలో ప్రేమ ఇగిరిపోయిందనిపిస్తుంది. ఇంత సూక్ష్మంగా గమనించినవాడు కూడా దాన్ని దయ్యం పనిగానే చూశాడు. ఆరో శతాబ్ది చివర్లో పోపు గ్రెగొరీ దాన్ని విచారంతో కలిపి ప్రధాన పాపాల జాబితాలో పెట్టాడు. అసలే కుంగిపోయిన మనిషికి తాను పాపినన్న బాధ కూడా తోడైంది.

కుంగుబాటును శ్రీసభ చూసిన తీరు చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 13వ శతాబ్దిలో ఉంది. పునీత తోమాస్ అక్వినాస్ తన 'సుమ్మా తియొలాజికా'లో దుఃఖానికి మందులు చర్చించాడు: ఏదైనా సంతోషం, కన్నీళ్ళు, స్నేహితుల ఓదార్పు, సత్యచింతన. చివరికి నిద్ర, స్నానం కూడా! లోపల దాచుకున్న బాధ మరింత నొప్పిస్తుంది, ఏడిస్తే మనసు తేలికపడుతుంది అన్నాడు. ఒళ్ళు తేరుకుంటే దుఃఖం తగ్గుతుందని అంత పెద్ద వేదాంతి ఒప్పుకున్నాడు.

16వ శతాబ్దిలో ఆవిలాపురి తెరేసమ్మ కుంగుబాటును జబ్బేనని సూటిగా చెప్పింది. అలా కుంగిన కన్యస్త్రీలను ఎక్కువసేపు ధ్యానంలో కూర్చోనివ్వకండి, పని అప్పగించండి, ఉపవాసాలు తగ్గించండి అని మఠాధిపతులకు రాసింది. భయపెట్టైనా అదుపులో ఉంచమని కూడా అంది, ఆ మాట నాకు మింగుడుపడదు. కానీ ప్రార్థన పెంచితే నయమవుతుందని ఆమె అనలేదు. మాత్రలు వేసుకోవడం విశ్వాసలోపమని రోగిని నిలదీసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆత్మహత్య విషయంలో మార్పు చాలా ఆలస్యంగా వచ్చింది. బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకుని, పశ్చాత్తాపం చూపకుండా పోయినవారికి 1917 నాటి కతోలిక శ్రీసభ చట్టం క్రైస్తవ ఖననం నిరాకరించింది. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ కడసారి ప్రార్థన కూడా దక్కకపోవడం ఎంత ఘోరం! 1983 నాటి కొత్త చట్టంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక రుగ్మత మనిషి బాధ్యతను తగ్గించగలదని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఒప్పుకుని, అలా పోయినవారి రక్షణ మీద ఆశ వదులుకోవద్దంది.

2003 నవంబరులో వాటికన్‌లో కుంగుబాటు మీదే ఒక సదస్సు జరిగింది. రెండో జాన్ పాల్ పోపు అక్కడ మాట్లాడుతూ దాన్ని ఆధ్యాత్మిక పరీక్ష అని కూడా అన్నారు. అయితే వైద్యులు కాని ఆప్తులకు ఆయన అప్పగించిన పని వేరు: రోగికి తన మీద తనకు గౌరవం, భవిష్యత్తు మీద ఆసక్తి, బతకాలన్న కోరిక తిరిగి కలిగేలా తోడు నిలవడం.