మాట నేర్చిన బొమ్మలు

1930 అక్టోబరులో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో ఒకే కోటలో ఇద్దరు డ్రాక్యులాలు ఉండేవారు. పగలంతా బేలా లుగోసీ ఇంగ్లీషులో మాట్లాడుతూ మెట్లు దిగేవాడు. సాయంత్రం ఆ బృందం ఇళ్లకు వెళ్లిపోయాక, అవే మెట్ల మీద కార్లోస్ విల్లరియాస్ స్పానిష్ మాటలతో దిగేవాడు. సెట్లు అవే, కథ అదే. రాత్రి సినిమాకు దర్శకుడు జార్జ్ మెల్ఫర్డ్. ఆయనకు స్పానిష్ రాదు, పక్కన దుబాసీ ఉండేవాడు. పగటి బృందం తీసింది చూసి, అంతకంటే బాగా తియ్యాలని రాత్రి బృందం పట్టుపట్టింది. ఆ పట్టుదల తెర మీద కనిపిస్తుంది. కెమెరా కదలికలో, వెలుగునీడల్లో స్పానిష్ సినిమాయే మేలని ఈనాటి విమర్శకుల్లో చాలామంది అంటారు. నిడివిలో కూడా అది దాదాపు అరగంట పెద్దది. చాలా ఏళ్లపాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. అమెరికాలో ఉన్న నెగెటివ్‌లో ఒక రీలు పాడైపోతే, ఆ భాగం చివరికి క్యూబాలో దొరికింది.

ఒకే సినిమాను రెండుసార్లు తియ్యాల్సిన అవసరం ఎందుకొచ్చింది? మాట వచ్చింది కనుక. మూకీకి భాష అడ్డం కాదు. మధ్యమధ్య వచ్చే అక్షరాల కార్డులు మారిస్తే చాలు, న్యూయార్క్‌లో తీసింది బెజవాడలోనూ ఆడుతుంది, టోక్యోలోనూ ఆడుతుంది. పాత్రలు నోరు విప్పగానే ఆ సౌకర్యం పోయింది. సినిమా ఏ ఊరి మాట మాట్లాడితే ఆ ఊరి సొత్తయింది. చాలా సినిమా చరిత్రలు దీన్ని నష్టంగానే రాశాయి. నేను అలా అనుకోను. 1929 నుంచి 1935 దాకా ప్రపంచంలో వచ్చినన్ని రకాల సినిమాలు అంత తక్కువ కాలంలో మళ్లీ ఎప్పుడూ రాలేదని నా నమ్మకం. అప్పటిదాకా హాలీవుడ్ బొమ్మ చూసి సరిపెట్టుకున్న ఊళ్లన్నీ తమ గొంతు తెర మీద వినాలని కోరుకున్నాయి.

బొమ్మకు శబ్దం కలపాలన్న తపన సినిమా అంత పాతది. మన దగ్గరే, మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించాడు. రికార్డు మీద పాట, తెర మీద బొమ్మ జతగా నడిపిస్తూ బర్మా, సింహళం దాకా తిరిగాడు. అయితే ఇలాంటి యంత్రాలకు పెద్ద హాలు నిండేంత గొంతు లేదు. విద్యుత్తుతో శబ్దాన్ని పెంచే పరికరాలు వచ్చాకే అసలు కథ మొదలైంది. జర్మనీలో వోగ్ట్, ఎంగ్ల్, మసోల్ అనే ముగ్గురు శబ్దాన్ని కాంతిగా మార్చి ఫిల్ము అంచునే గీతగా ముద్రించి, 1922లో బెర్లిన్‌లో చూపించారు. అమెరికాలో వార్నర్ సోదరులు మరో దారి పట్టారు. వాళ్ల వైటాఫోన్‌లో రీలుకొక రికార్డు. పదహారు అంగుళాల డిస్కు, నిమిషానికి 33⅓ చుట్లు, ముల్లు మధ్యలో మొదలై అంచుకు నడుస్తుంది. ఫిల్ము తెగి నాలుగు ఫ్రేములు పోతే, సరిగ్గా నాలుగు నల్ల ఫ్రేములు అతికించాల్సిందే. లేకపోతే నాయిక పెదవులు కదిలాక కాసేపటికి గానీ ఆమె మాట వినపడదు. 1927 అక్టోబరు 6న వచ్చిన 'ది జాజ్ సింగర్' ఈ పద్ధతిలో తీసిందే. చాలావరకు అది మూకీయే. ఆల్ జోల్సన్ పాటలు, మధ్యలో తల్లితో నాలుగు మాటలు, అంతే. మొదటినుంచి చివరిదాకా మాట్లాడిన సినిమా 1928లో వచ్చిన 'లైట్స్ ఆఫ్ న్యూయార్క్'. తర్వాత కొద్ది ఏళ్లలోనే ఫిల్ము అంచు మీది గీత గెలిచింది, డిస్కు పోయింది. అంతవరకు ఆపరేటరు ఇష్టమొచ్చిన వేగంతో తిరిగిన ప్రొజెక్టరు సెకనుకు 24 ఫ్రేములకు కట్టుబడింది.

తొలి టాకీల్లో కదలిక చచ్చిపోయిందన్న మాట అబద్ధం కాదు. చప్పుడు మైకులో పడకుండా కెమెరాను, కెమెరామన్‌ను కలిపి ఒక గదిలో పెట్టి తలుపేసేవారు. నటులు పూలకుండీలో దాచిన మైకు దగ్గర గుమిగూడి మాట్లాడేవారు. కానీ ఇది రెండు మూడేళ్ల ముచ్చటే. ఆ ఇరుకులోంచి ఎవరు ఎలా బయటపడ్డారన్నది చూస్తేనే ఆ కాలం రుచి తెలుస్తుంది.

పారిస్‌లో దర్శకుడు రెనే క్లేర్‌కు టాకీ అంటే మొదట గిట్టలేదు. తీయక తప్పనప్పుడు, ఎక్కడ మాట వినిపించకూడదో ముందు ఆలోచించాడు. 1930లో తీసిన 'పారిస్ పైకప్పుల కింద'లో గాజు తలుపు అవతల మనుషులు మాట్లాడుకుంటారు, మనకు వినపడదు. చీకట్లో కొట్లాట జరుగుతుంటే రైలు చప్పుడు దాన్ని మింగేస్తుంది. లండన్‌లో హిచ్‌కాక్ 'బ్లాక్‌మెయిల్' తీస్తున్నప్పుడు నాయిక అనీ ఓండ్రాది చెక్ యాస. డబ్బింగు ఇంకా రాలేదు. కెమెరాకు అవతల జోన్ బారీ అనే నటి మైకు ముందు మాటలు చెబుతుంటే, ఓండ్రా పెదవులు మాత్రం కదిపింది. అదే సినిమాలో కత్తితో మనిషిని పొడిచిన పిల్ల చెవికి, పక్కింటావిడ కబుర్లలో 'కత్తి' అన్న ఒక్క మాటే స్పష్టంగా తగులుతూ ఉంటుంది. బెర్లిన్‌లో ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎం'లో హంతకుణ్ణి పట్టించేది ఒక ఈల. దాన్ని గుర్తుపట్టేది బెలూన్లు అమ్ముకునే గుడ్డివాడు. కళ్లతో చూసే కళలో చెవితో మనిషిని పట్టించిన ఆ ఆలోచనకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సోవియట్ దేశంలో జిగా వెర్టోవ్ స్టూడియోనే వదిలేశాడు. రికార్డింగు యంత్రాన్ని మోసుకుని డాన్‌బాస్ గనుల్లోకి, ఉక్కు కొలుముల దగ్గరకు వెళ్లి ఆ మోతతోనే 'ఎంతూజియాజం' అల్లాడు.

ఒకే కథను పలు భాషల్లో తీసే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపింది పారమౌంట్ సంస్థ. పారిస్ దగ్గర జ్వాన్‌విల్‌లో 1930లో స్టూడియో తెరిచి, ఒక సెట్టు వేసి, ఫ్రెంచి వాళ్ల తర్వాత స్పెయిన్ వాళ్లు, వాళ్ల తర్వాత స్వీడన్ వాళ్లు, ఇలా వరుసగా దింపింది. పన్నెండు భాషల్లో తీసిన కథలూ ఉన్నాయి. లారెల్, హార్డీ అయితే అమెరికాలోనే ఉండి, రాని స్పానిష్‌ను పలకల మీద ఇంగ్లీషు అక్షరాలతో రాయించుకుని చదివారు. ఆ తడబాటు కూడా జనానికి నచ్చింది. జ్వాన్‌విల్ సినిమాలు మాత్రం చాలావరకు నిలవలేదు. స్వీడన్ ప్రేక్షకుడికి కావలసింది హాలీవుడ్ తార లేదా తన ఊరి కథ. ఇది రెండూ కాకుండా పోయింది. డబ్బింగు కుదురుకోగానే ఆ పద్ధతి అంతరించింది. అయినా ఆ గోడల మధ్యే మార్సెయ్ రేవు యాసతో పాన్యోల్ రాసిన 'మారియుస్' తయారైంది. అక్కడే కార్లోస్ గార్డెల్ టాంగో పాటలతో 'బ్యూనస్ ఎయిరిస్ దీపాలు' తీశారు. దక్షిణ అమెరికా హాళ్లలో జనం ఆట ఆపించి, రీలు వెనక్కి తిప్పించి గార్డెల్ పాట మళ్లీ విన్నారు.

జపాన్ కథ వేరు. అక్కడ మూకీలు ఎప్పుడూ మూగగా లేవు. తెర పక్కన బెన్షీ అనే కథకుడు కూర్చుని, మగ గొంతు, ఆడ గొంతు, ముసలి గొంతు అన్నీ తానే అయి కథ నడిపించేవాడు. పోస్టరు మీద తారల పేరుకంటే బెన్షీ పేరు పెద్దదిగా ఉండేది. హరికథ దాసు గొంతు విని పెరిగిన మనకు ఆ మోజు అర్థమవుతుంది. టాకీ వస్తే వాళ్ల బతుకు పోతుంది కనుక సమ్మెలు చేశారు. దర్శకుడు అకిరా కురొసావాకు అన్న అయిన హెయిగో మంచి పేరున్న బెన్షీ. ఆ సమ్మెల్లో ముందు నిలిచి, ఓడి, 1933లో ప్రాణం తీసుకున్నాడు. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా లాభాల లెక్క చెబుతాం. ఆ లెక్కలో ఇలాంటివాళ్ల పేర్లు కూడా రాయాలి.

బెన్షీల బలం వల్లే జపాన్‌లో మూకీలు 1930ల నడిమి దాకా వస్తూనే ఉన్నాయి. గోషో హెయినోసుకే 1931లో తీసిన తొలి విజయవంతమైన టాకీ 'పక్కింటావిడ, మా ఆవిడ'లో కథంతా చప్పుడు మీదే. నాటకం రాయడానికి కూర్చున్న రచయితను పిల్లి, ఎలుకలు, పిల్లలు, పక్కింటి జాజ్ బ్యాండు రాయనివ్వవు. దర్శకుడు ఓజు అయితే తన కెమెరామన్ మొహారా సొంతంగా శబ్దయంత్రం తయారుచేస్తున్నాడని, అతనికిచ్చిన మాట కోసం 1936 దాకా టాకీ కథాచిత్రం తీయలేదు. ఆ నిరీక్షణలో తీసిన మూకీలే ఆయన గొప్ప పనుల్లో కొన్ని. షాంఘైలోనూ అంతే. హు ద్యే నటించిన తొలి టాకీ 'పాటల పిల్ల ఎర్ర పియొనీ' 1931లో వచ్చినా, రువాన్ లింగ్యు నటించిన 'దేవత' అనే అపురూపమైన మూకీ 1934 నాటిది. మాట వచ్చిన మర్నాడే మౌనం పోయిందనుకోవడం హాలీవుడ్ గడియారంతో లోకాన్ని కొలవడమే.

ఇక బొంబాయి. 1931 మార్చి 14న మెజెస్టిక్ సినిమాలో 'ఆలం ఆరా' విడుదలైంది. ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీ అధిపతి అర్దేషిర్ ఇరానీ తీసిన ఈ సినిమాకు మూలం ఒక పార్సీ నాటకం. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో, రైళ్లు తగ్గాక రాత్రిపూట షూటింగు చేశారు. ఏడు పాటలు. పాడేవాళ్లు నటిస్తూనే పాడాలి, వాయిద్యాల వాళ్లు కెమెరాకు కనపడకుండా నక్కి వాయించాలి. ప్రపంచమంతా టాకీ అంటే మాటలనుకుంటే, మనవాళ్లు పాటలనుకున్నారు. మరుసటి ఏడాది మదన్ థియేటర్స్ 'ఇంద్రసభ'లో దాదాపు డెబ్బై పాటలు పెట్టింది. దీన్ని వెనకబాటుతనంగా చూసినవాళ్లున్నారు. రాత్రంతా పద్యం, పాట, వన్స్‌మోర్లతో నాటకం చూసిన జనానికి కథ చెప్పే పద్ధతి అదే. సినిమా ఇక్కడికొచ్చి ఆ పద్ధతి నేర్చుకుంది.

అదే ఇంపీరియల్ నుంచి, ఆ సెట్ల మీదే హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 'కాళిదాసు' తయారై 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడుతుంది. నాయకుడు తెలుగులో బదులిస్తాడు. పూజారి వేషం వేసిన ఎల్.వి. ప్రసాద్ హిందీలో పలుకుతాడు. కాళిదాసు కథలో త్యాగరాజ కృతులు, గాంధీ రాట్నం మీద ఒక పాట. యూరప్‌లో ఒక భాషకొక సినిమా విడివిడిగా తీయడానికి కోట్లు పోస్తున్న రోజుల్లో, మద్రాసులో మూడు భాషలు ఒకే తెర మీద కలిసి కాపురం చేశాయి. జనం ఆనందంగా చూశారు. నాకు ఆ కాలంలో అన్నిటికంటే ముద్దొచ్చే సినిమా ఇదే.

పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా బొంబాయిలోనే తయారైంది, దర్శకుడు హెచ్.ఎం. రెడ్డే. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం మూలం. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి, ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు. ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు పాటలు రాశాడు. సురభి రంగస్థలం మీద పుట్టి పెరిగిన కమలాబాయికి కొత్తగా నేర్వాల్సింది మైకు ముందు నిలబడటమే. పద్యం, రాగం, గొంతు అప్పటికే ఆమె దగ్గర ఉన్నాయి.

ఇంపీరియల్ కథ అక్కడితో ఆగలేదు. ఇరానీ కుటుంబం పూర్వం ఇరాన్ నుంచి వలస వచ్చింది. బొంబాయికి వచ్చిన అబ్దుల్ హుసేన్ సెపంతా అనే పారశీక యువకుడు రాసిన కథతో, అతన్నే నాయకుడుగా పెట్టి 1933లో 'దుఖ్తరె లోర్' తీశారు. పారశీక భాషలో తొలి టాకీ అది. నాయిక రూహంగీజ్‌ది కెర్మాన్ యాస. టెహరాన్‌లో ఆ సినిమా విరగబడి ఆడింది. హిందీకి, తమిళానికి, పారశీకానికి తొలి పలుకు ఒకే కంపెనీ నుంచి రావడం మామూలు సంగతి కాదు. మన సినిమా చరిత్రల్లో దీనికి దక్కింది ఒకటి రెండు వాక్యాలే.

ఇలాంటి ఉత్సాహమే మిగతా చోట్లా. ఈజిప్టులో గాయకుడు అబ్దుల్ వహాబ్ 1933లో 'తెల్ల గులాబీ'తో తెరకెక్కాడు. మెక్సికోలో తొలి టాకీల్లో పేరుపడ్డ 'సాంతా' 1932లో వచ్చింది. అందులో నాయిక లుపితా తొవార్, మొదట చెప్పుకున్న, రాత్రిపూట తీసిన స్పానిష్ డ్రాక్యులాలో నటించిన అమ్మాయే.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ ముందుగా పాట రికార్డు చేసుకుని తర్వాత చిత్రీకరించే పద్ధతి తెచ్చింది. పాడనివాళ్లు కూడా తెర మీద పాడగలిగారు. పొదల వెనక హార్మోనియం దాచే రోజులు ముగిశాయి. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టడంతో, బొంబాయి, కలకత్తా, మద్రాసుల మీద ఆధారపడ్డ తెలుగు టాకీకి సొంత గడ్డ మీద ఒక స్టూడియో వచ్చింది.

'ఆలం ఆరా', 'కాళిదాసు', 'భక్త ప్రహ్లాద' మూడింటికీ ఇవాళ ఒక్క ప్రింటు లేదు. ఆనాటి నైట్రేటు ఫిల్ము తొందరగా పాడైపోయేది, అంటుకునేది. పాత రీళ్లను కరిగించి వెండి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో గానీ రాలేదు. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరం రాసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తిరగేసి, అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. సినిమా లేకపోయినా కాగితం సాక్ష్యం చెప్పింది. ఆనాడు హాలు గుమ్మం దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, కరపత్రాలు, గ్రామఫోను రికార్డులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. అవి ఉన్నవాళ్లు వాటిని పారెయ్యకుండా ఏదైనా గ్రంథాలయంతో, ఆర్కైవ్‌తో స్కాన్ చేయించి ఉంచితే, తెలుగు టాకీ మొదటి అయిదేళ్ల చరిత్రను ఇంకా సరిగ్గా రాయొచ్చు.