అక్షరమునకు ఊతకఱ్ఱ



మా జహీరాబాదు పలు భాషల కూడలి. తెలుగు, కన్నడము, ఉరుదూ నేటికిని ఇచ్చటి సంతలో కలసియే వినబడును. 1948లో నిజాము పాలన ముగియు వఱకు కచేరీ వ్రాతలు ఉరుదూలో నుండుటచే, మా తాతగారు ఇంట తెలుగును, బడిలో ఉరుదూను నేర్చిరి. చిన్ననాడు వారు నన్నొకనాడు "హైదరాబాదు ఎప్పుడు పుట్టినదిరా?" అని యడిగి, నేను తెల్లబోగా, "యా హాఫిజ్ అనుము, లెక్క అందులోనే యున్నది" అనిరి.

ఉరుదూ అక్షరములకు సంఖ్యలు గలవు. యే 10, అలిఫ్ 1, బడీ హే 8, మరల అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. వెరసి 1000. అది హిజ్రీ సంవత్సరము, క్రీ. శ. 1591-92. "ఓ రక్షకుడా" అను పిలుపులో ఒక నగరపు పుట్టుక యిమిడినది. మన కటపయాది లెక్కయు నిట్టిదే. మేచకల్యాణిలో మకారము 5, చకారము 6. వెనుకనుండి చదివిన 65. డెబ్బదిరెండు మేళకర్తలలో ఆ రాగపు స్థాన మదియే.

ఇటీవల నా మనుమరాలు జపాను లిపి నేర్వ మొదలిడినది. ఆ దేశపు ప్రభుత్వము 2010లో ప్రకటించిన నిత్యవ్యవహార పట్టికలోనే 2136 చిత్రాక్షరములు గలవు. అన్నిటిని ఎట్లు గుర్తుంచుకొందువని యడిగితిని. "కథలతో, తాతయ్యా! మనిషి చెట్టు నానుకొన్న విశ్రాంతి, మూడు చెట్లు చేరిన అడవి, సూర్యచంద్రులు ప్రక్కప్రక్కన నిలిచిన వెలుగు" అన్నది. నాకు మా తాతగారి గొంతు వినబడినట్లయినది.

అయితే ఆ వెలుగు కథలో నొక చిక్కు గలదు. చీనా దేశపు ప్రాచీన రూపములలో నొకదానియందు సూర్యుని చోట గవాక్షమున్నది. గవాక్షమునుండి వచ్చు వెన్నెలయే అచ్చటి వెలుగు. కథ అక్షరమును నిలిపినది గాని, దాని పుట్టుకను పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు మా తాతగారి లెక్కను మరల తలచితిని. కూడిక తప్పు కాదు. కాని ఆ మాటను నగరమునకు మొదట ముడివెట్టిన దెవరో కూడిక చెప్పదు. దానికి వేఱు సాక్ష్యము కావలెను.

పెద్దలారా, మన యూళ్ల పేర్లకును ఇట్టి కథలెన్నో గలవు. వానిని పిల్లలకు తప్పక చెప్పుడు. కథ లేనిచో పేరును, తేదీయు నిలువవు. చెప్పునప్పుడే "ఇది జ్ఞాపకమునకు ఊతకఱ్ఱ; సాక్ష్యము శాసనమునందును, నాణెమునందును, పాత కాగితమునందును వెదకుము" అని కలుపుడు. ఊతకఱ్ఱనే చరిత్రయని నమ్మిన బాలుడు, పెద్దవాడై, దానితోనే పొరుగువానిని కొట్టవచ్చును.