సోడా నీళ్ల తొట్టి

మంట దగ్గరికి జరగండిరా, చెబుతా. ఇప్పుడు మీరు డ్రైవు మీద బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. మా రోజుల్లో సిమెంటు మిల్లు కదలాలంటే ముందు తొట్టిలో నీళ్లు కుదరాలి.

మిల్లంటే మాటలా? కడుపు నిండా టన్నుల కొద్దీ ఇనుప గుండ్లు, వాటి మీద క్లింకరు. మామూలు మోటారుకి 6,600 ఓల్టులు నేరుగా ఇస్తే ఆరు రెట్ల దాకా కరెంటు లాగేస్తుంది. అందుకే స్లిప్‌రింగు మోటారు. రోటారు నుంచి మూడు రింగులు, కార్బన్ బ్రష్షుల మీదుగా తీగలు మా తొట్టిలోకి వచ్చేవి. అందులో బట్టల సోడా కలిపిన నీళ్లు. ఎలక్ట్రోడ్లు మెల్లగా దగ్గరవుతుంటే రెసిస్టెన్సు తగ్గుతూ, మిల్లు బద్ధకంగా కదిలి వేగం అందుకునేది. చివర్లో షార్టింగు కాంటాక్టరు టక్కున పడితే గానీ మాకు ఊపిరి ఆడేది కాదు.

సోడాని తొట్టిలో కుమ్మరించకూడదురా. వేరే బకెట్లో వేడినీళ్లలో ఒక్క పలుకు మిగలకుండా కరిగించి, కొద్దికొద్దిగా పోసి కలపాలి. తర్వాత తక్కువ ఓల్టుల ఏసీ ఇచ్చి, ఓల్టుల్ని ఆంపియర్లతో భాగించి, కంపెనీవాడిచ్చిన అంకెతో సరిచూడాలి. డీసీ పెడితే ఎలక్ట్రోడ్లకి బుడగలు పట్టి లెక్క తప్పుతుంది. మూడు ఫేజులూ ఒకేలా రావాలి. రాకపోతే ఏదో ఒకదానికి పెచ్చు కట్టిందనే అర్థం, విప్పి గీకాల్సిందే.

మాది సున్నపురాయి నేల. బోరు నీళ్లు పోశామా, ఆ పెచ్చు ఇంకా తొందరగా కట్టేది. అందుకే బ్యాటరీలకి పోసే నీళ్లే వాడేవాళ్లం. ఇంకో సంగతుంది, ఇది చాలామందికి తట్టదు. ఆవిరయ్యేది నీళ్లే, సోడా కాదు. ఒక షిఫ్టువాడు మట్టం తగ్గిన ప్రతిసారీ సోడా నీళ్లే పోస్తూ వచ్చాడు. నీళ్లు చిక్కబడి, రెసిస్టెన్సు పడిపోయి, ఒకరోజు స్టార్టు చేయగానే ఓవర్‌కరెంటు రిలే కొట్టేసింది. తొట్టి మొత్తం ఖాళీ చేసి మళ్లీ మొదట్నుంచీ కలిపాం.

ఇట్లాంటి చలి తెల్లారుజాముల్లో కథ అడ్డం తిరిగేది. నీళ్లు చల్లబడితే రెసిస్టెన్సు పెరిగి మోటారు హూంకరిస్తుందే గానీ మిల్లు కదలదు. ఎండాకాలం దానికి పూర్తిగా వ్యతిరేకం. వరసగా రెండు మూడుసార్లు స్టార్టు చేస్తే నీళ్లు కాగిపోయేవి. మేనేజరుగారు ఎంత తొందరపెట్టినా మా ఫోర్‌మన్‌గారు చల్లారేదాకా ఇంకో స్టార్టు ఇవ్వనిచ్చేవారు కాదు. నాకు ఆయనంటే గౌరవం పుట్టింది అక్కడే.

మీ దగ్గర పాత క్రషరుకి ఆ తొట్టి ఇంకా ఉందన్నావుగా అబ్బాయ్. మూత తీసేముందు స్టేటారు బ్రేకరు బయటికి లాగి, ఎర్తు చెయ్యి. మోటారు ఆగి ఉంది కదా అని రోటారు తీగ ముట్టుకోబోకు. స్టేటారుకి కరెంటుంటే, ఆగి ఉన్నప్పుడే రోటారులో ఓల్టేజి అన్నిటికంటే ఎక్కువ.