గరిక పచ్చిక

గరిక (సైనోడాన్ డాక్టిలాన్) ఏళ్ల తరబడి బతికే గడ్డి. వేడి ప్రాంతాల్లో ఇళ్ల ముందు లాన్‌కు, ఆటస్థలాలకు విస్తారంగా పెంచుతారు. బెర్ముడా గ్రాస్ అన్నా ఇదే. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా పూజలందుకునే ఈ మొక్కే చేలో రైతును విసిగించే కలుపు. నేలమీద పాకే తీగలకూ, మట్టిలో సాగే కాడలకూ కణుపు కణుపునా వేళ్లు, పిలకలు పుడతాయి. పీకినా చావని ఆ మొండితనమే లాన్‌లో అక్కరకొస్తుంది.

దీనికి 25–35 డిగ్రీల వేడి బాగా నప్పుతుంది. 10 డిగ్రీల దిగువకు పోతే ఎదుగుదల ఆగి రంగు వెలిసిపోతుంది. అందుకే ఢిల్లీ చలికి గోధుమరంగుకు తిరిగే గరిక కోస్తాలో దాదాపు ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. నీడ మాత్రం అసలు పడదు. రోజూ కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. మామిడిచెట్టు కింద గడ్డి పలచబడితే అది ఎరువు లోపం కాదు, అక్కడ యూరియా చల్లడం దండగ.

నాటడానికి తొలకరి అనువైన కాలం. నేలను జానెడు లోతు తవ్వి, నల్లమట్టి అయితే ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, నీరు నిలవకుండా కొద్దిగా వాలు ఇచ్చి చదును చేయాలి. వెంటనే నాటేయకూడదు. తడిపి రెండు మూడు వారాలు ఆగితే తుంగ మొలుస్తుంది. దాన్ని గడ్డలతో సహా తవ్వి తీయడం ఇప్పుడే సులువు, గరిక అల్లుకున్నాక దాదాపు అసాధ్యం. ఆపైన రెండు మూడు కణుపులున్న ముక్కలను బెత్తెడు దూరంలో గుచ్చాలి. తొందర ఉన్నవారు నర్సరీల్లో దొరికే గడ్డి చాపలు పరుచుకోవచ్చు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ రూపొందించగా 1960లో విడుదలైన టిఫ్‌వే వంటి సంకర రకాలకు పనికొచ్చే విత్తనం పట్టదు, వాటిని ముక్కలతోనో చాపలతోనో పెంచాల్సిందే.

కోతలోనే చాలామంది దెబ్బతింటారు. ఏపుగా పెరిగిన గరికను వేళ్లతో పాయ తీసి చూస్తే, పచ్చదనం పైపైనే ఉంటుంది, అడుగున అంతా పాలిపోయిన కాడలే. నెలరోజులు వదిలేసి ఒక్కసారిగా పొట్టిగా కోస్తే ఆ కాడలే బయటపడి లాన్ మాడినట్టు అవుతుంది. వానాకాలంలో వారానికోసారి, ఎత్తులో మూడోవంతు మించకుండా కోస్తూ, 3–4 సెంటీమీటర్ల దగ్గర నిలపడం ఇళ్లకు చాలు.

నీరు రోజూ చిలకరించడం కన్నా, నాలుగైదు రోజులకోసారి వేళ్లదాకా దిగేట్టు పెట్టడం మేలు. యూరియా 100 చదరపు మీటర్లకు ఒక విడతకు కిలో మించకూడదు, చల్లగానే తడపాలి. మోతాదు ఎక్కువైతే అడుగున ఎండుకాడలు మందంగా పేరుకుని నడిస్తే పరుపులా దిగుతుంది. నీరు మట్టిని చేరదు. అప్పుడు ఇనుపపళ్ల దంతెతో ఆ పొరను గీరి తీసి, సన్నగా ఇసుక జల్లాలి. ఈ పని గరిక జోరుగా పెరిగే రోజుల్లోనే చేయాలి. చలికాలంలో గీరితే కోలుకోదు.