అద్దె కంప్యూటరు, మీటరు లెక్క

ఉదయం ఎనిమిదిన్నరకు నాగోల్ మెట్రో స్టేషనులో నిలబడి చూడండి. రాయదుర్గం వెళ్ళే బండిలో సగంమంది భుజాన ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకున్న పిల్లలే. మన సంఘ సభ్యుల ఇళ్ళలో కూడా కొడుకో, కోడలో, మనవరాలో ఆ ఉద్యోగాల్లో ఉన్నవారే. వారి ఆఫీసుల్లో ఈమధ్య తరచు వినిపించే మాట “క్లౌడ్ ఖర్చు తగ్గించాలి” అని. బిల్లు పెరిగితే కంపెనీవారి కత్తెర ముందు యంత్రాల మీద పడుతుందా, మనుషుల మీద పడుతుందా అన్నది తల్లిదండ్రులకు కూడా పట్టే సంగతే. పేరు కొత్తది గాని వ్యవహారం పాతది. ఇ.డి.పి. సెక్షన్లలో పనిచేసినవారికి బాగా తెలిసినదే.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేదేమీ కాదు. మరొకరు కొని, వారి భవనంలో నడుపుతున్న కంప్యూటరును మనం దూరం నుంచి అద్దెకు వాడుకోవడం. కరెంటు బిల్లులా వాడినంతకు చెల్లింపు. అమెజాన్ సంస్థ 2006లో ఈ వ్యాపారంలోకి దిగింది. 2022 నవంబరులో హైదరాబాదులోనే కేంద్రం తెరిచింది.

అయితే కంప్యూటరును అద్దెకు తీసుకోవడం అమెజాన్ కనిపెట్టిన పద్ధతి కాదు. ఐ.బి.ఎం. 1959లో 1401 యంత్రాన్ని ప్రకటించినప్పుడు అమెరికాలో దాని అద్దె నెలకు 2,500 డాలర్ల నుంచి మొదలయ్యేది. మన దేశంలో కూడా ఆ సంస్థ యంత్రాలు ఎక్కువగా అద్దె మీదే నడిచాయి. రైల్వేల్లో జీతాల బిల్లులు, స్టోర్సు లెక్కలు చేసినవి ఆ 1401లే. ఐ.బి.ఎం. అద్దె ఒప్పందాల్లో ఒక అంకె ఉండేది: నెలకు 176 గంటలు. అంటే రోజుకు 8 గంటల చొప్పున 22 పనిదినాలు. అంతకు మించి నడిపితే అదనపు రుసుము. అందుకు యంత్రానికే మీటరు బిగించేవారు.

మీటరు కళ్ళెదుట తిరుగుతుంటే మనిషికి జాగ్రత్త తనంతట తనే వస్తుంది. ప్రోగ్రామును కాగితం మీద రాసి, ఒక్కొక్క పంక్తి చేత్తో నడిపి చూసుకుని, తప్పు లేదని తేలాకే పంచింగుకు పంపేవారు. కొట్టిన కార్డులను వెరిఫయరు మీద మరొకరు మళ్ళీ కొట్టి సరిచూసేవారు. ఈ తతంగమంతా చవక యంత్రాల మీద జరిగేది. ఖరీదైన కంప్యూటరు దగ్గరకు తీరిన పనే వెళ్ళేది. ఒక చిన్న కామా తప్పుకు రాత్రి షిఫ్టంతా వృథా అయితే మరునాడు అధికారికి జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

1978లో ఐ.బి.ఎం. మన దేశం వదలి వెళ్ళింది. విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం భారతీయులకు వాటా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. వారు వదలిన యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. మీద పడింది. అప్పటికే మన కుషాయిగూడలో డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో 1967లో మొదలైన ఇ.సి.ఐ.ఎల్. సొంతంగా టి.డి.సి. కంప్యూటర్లు తయారు చేస్తున్నది. యజమాని ఊరు వదలి వెళ్తే అద్దెకున్నవాడి గతి ఏమిటో ఆనాడే ఆఫీసులకు తెలిసివచ్చింది.

ఆ తరువాత బల్ల మీది కంప్యూటర్లు చవకయ్యాయి. సొంత యంత్రానికి మీటరు లేదు. రాత్రంతా వదిలేసినా పోయేది కాస్త కరెంటే. ఆ అలవాటు మీద పెరిగిన తరం చేతికి మళ్ళీ అద్దె యంత్రాలు వచ్చాయి. మీటరు తిరుగుతూనే ఉంది గాని అది కంటికి కనపడదు, నెలాఖరున బిల్లులో కనపడుతుంది. నేటి క్లౌడ్ వృథాకు ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

లెక్క చూడండి. నెలకు సుమారు 730 గంటలు. పరీక్షల కోసం తీసుకున్న యంత్రం ఆఫీసు వేళల్లోనే అవసరమైతే చాలేది ఆ పాత 176 గంటలే. మిగిలిన 554 గంటలు, అంటే ముప్పాతిక వంతు, ఎవరూ వాడని దీపానికి కట్టే బిల్లు. రాత్రి, ఆదివారం ఆపేస్తే అంతా మిగులుతుందనుకోవద్దు. యంత్రం ఆపినా దానిలోని డిస్కు అద్దె నడుస్తూనే ఉంటుంది. ఏడాదికో, మూడేళ్ళకో ముందుగా ఒప్పుకుంటే రేటు బాగా తగ్గుతుంది. కాని అది బస్సు పాసు వంటిది. ప్రయాణం చేయకపోయినా డబ్బు పోతుంది.

అద్దె మానేసి సొంతానికి వెళ్ళినవారూ ఉన్నారు. అమెరికాలోని డ్రాప్‌బాక్స్ సంస్థ 2016లో తన ఖాతాదారుల ఫైళ్ళలో అధిక భాగాన్ని అమెజాన్ నుంచి సొంత యంత్రాలకు మార్చుకుని, రెండేళ్ళలో 7 కోట్ల 46 లక్షల డాలర్లు మిగిలాయని 2018లో లెక్క చూపింది. అందరికీ అది కుదరదు. ఇంటర్ ఫలితాల రోజు మాదిరి ఏడాదికి ఒక్కరోజు జనం విరగబడే పనికి సొంత యంత్రాలు కొనడం పెళ్ళికోసం ఫంక్షన్ హాలు కట్టుకోవడమే.

పొదుపులో నాకు భయం కలిగించేది ఒక్కటే, పాత రికార్డుల తొలగింపు. తరచు చూడని ఫైళ్ళను చవక నిల్వలోకి మార్చవచ్చు. బాగా చవక రకంలో ఉన్న ఫైలు తిరిగి చేతికి రావడానికి పన్నెండు గంటల దాకా పట్టవచ్చు గాని, వస్తుంది. అయితే నిల్వ అద్దె కూడా దండగని కొందరు ఏకంగా చెరిపేస్తారు. సర్వీసు రిజిస్టరులో ఒక్క పుట కనపడక పెన్షను కోసం ఏళ్ళు తిరిగినవారు మనలో ఉన్నారు. 2014 నుంచి మన జీవన ప్రమాణ పత్రాలు కూడా కంప్యూటర్ల లోకే వెళ్తున్నాయి. అందుకే మా అబ్బాయితో, ఏదైనా చెరిపే ముందు మీ రికార్డు సెక్షను వాళ్ళను అడుగు నాయనా అన్నాను.

“మా ఆఫీసులో అలాంటి సెక్షనే లేదు నాన్నా” అన్నాడు.