మూడో కాన్పు నిర్ణయం ఎక్కడ జరుగుతోంది? రెండు సిజేరియన్ల తర్వాత సహజ ప్రసవం: నాయుడుపేట ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

సారాంశం

రెండుసార్లు సిజేరియన్ అయిన స్త్రీ మూడోసారి సహజంగా ప్రసవించవచ్చా? కొన్ని షరతులకు లోబడి ప్రసవించవచ్చనే వైద్యశాస్త్రం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఈ ప్రశ్న అడిగే సందర్భమే అరుదు. తొలి కాన్పుకు కోత, రెండో కాన్పుకు మళ్లీ కోత, అదే బల్ల మీద కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఈ వరుస ప్రశ్న పుట్టకముందే దారి మూసేస్తోంది. ప్రచురిత అధ్యయనాలు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గణాంకాల ఆధారంగా నాయుడుపేట వంటి చిన్న పట్టణంలో ఈ విషయం ఏ రూపం తీసుకుంటుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూడో కాన్పు భద్రత చాలావరకు మొదటి రెండు కాన్పుల్లోనే తేలిపోతుందన్నది దీని ప్రతిపాదన.

1. మూడు అంకెలు

2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతం. అదే సర్వేలో రాష్ట్రంలోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు. సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 1.7.

వీటిని విడివిడిగా చదివితే మొదటిది వైద్య సమస్యగానూ, రెండోది కుటుంబ సంక్షేమ విజయంగానూ, మూడోది జనాభా సమాచారంగానూ కనిపిస్తాయి. కలిపి చదివితే ఒక క్రమం బయటపడుతుంది. తొలి కాన్పు పెద్దాపరేషన్ అయితే రెండోదీ అదేనని ఇంట్లోవాళ్లు ముందే అనుకుంటారు. కడుపు ఎలాగూ కోస్తున్నారు కాబట్టి పనిలోపనిగా ట్యూబులూ ముడి వేయించేస్తారు. రెండు కోతల తర్వాత సహజ కాన్పు గురించి అమెరికా, బ్రిటన్ వైద్యులు నాలుగు దశాబ్దాలుగా చేస్తున్న చర్చ ఇక్కడ వినపడకపోవడానికి కారణం అభిప్రాయభేదం కాదు. ఆ స్థితికి చేరే స్త్రీలే తక్కువ.

2. ఒక హెచ్చరిక నియమంగా మారిన తీరు

‘ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే’ అన్న మాట 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ రోజుల్లో గర్భసంచి పైభాగాన్ని నిలువుగా కోసేవారు. మళ్లీ నొప్పులొచ్చినప్పుడు అక్కడ చిట్లే ప్రమాదం ఎక్కువ. తొలి కోతను తేలిగ్గా తలపెట్టవద్దని తోటి వైద్యులను హెచ్చరించడమే క్రాగిన్ ఉద్దేశం. తర్వాతి తరాలు ఆ హెచ్చరికను పక్కనపెట్టి, మాటను మాత్రం నియమంగా పట్టుకున్నాయి.

1920లలో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ గర్భసంచి కింది భాగంలో అడ్డకోతను ప్రచారంలోకి తెచ్చారు. ఆ భాగం పలచన, నొప్పులప్పుడు పైభాగంలా బలంగా ముడుచుకోదు. అందుకే అక్కడి మచ్చ గట్టిగా నిలుస్తుంది. నేడు దాదాపు అన్ని సిజేరియన్లూ ఈ పద్ధతిలోనివే. ఈ మార్పును గుర్తించి 1980లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు పాత నియమాన్ని సడలించమంది. 1996 నాటికి అక్కడ పాత సిజేరియన్ ఉన్నవారిలో 28 శాతం మంది సహజంగా ప్రసవించారు. ఆ తర్వాత గర్భసంచి చిట్లిన కేసులు, కోర్టు దావాలు, కాన్పు జరిగే చోట శస్త్రచికిత్స బృందం తక్షణం అందుబాటులో ఉండాలన్న 1999 నాటి నిబంధన కలిసి పదేళ్లలో ఆ సంఖ్యను పది శాతం లోపుకు దించాయి.

రెండు కోతల విషయంలోనూ ఇదే ఊగిసలాట. అంతకుముందు ఒక్కసారైనా సహజంగా కన్నవారికే అవకాశం ఇవ్వాలని అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 2004లో అంది. 2010లో ఆ షరతు తీసేసింది. బ్రిటన్ రాయల్ ప్రసూతి వైద్యుల కళాశాల 2015 మార్గదర్శకం, సీనియర్ ప్రసూతి వైద్యులు వివరంగా మాట్లాడిన తర్వాత రెండు కోతలున్నవారికీ ఈ అవకాశం ఇవ్వవచ్చంది.

3. రెండు కుట్ల గర్భసంచి

ఈ సడలింపు వెనుక ఉన్నవి మూడు ప్రధాన అధ్యయనాలు. 2005లో మకోన్స్ బృందం రెండు కోతలతో నొప్పులకు సిద్ధపడ్డ 1,082 మందిని పరిశీలించింది. దాదాపు 75 శాతం మంది సహజంగా కన్నారు. 1.8 శాతం మందికి గర్భసంచి చిట్లింది. ఒకే కోత ఉన్నవారిలో ఇది 0.9 శాతం. 2006లో లాండన్ బృందానికి బహుళ కోతలున్న 975 మందిలో కనిపించిన చిట్లింపులు 9. ఒకే కోత ఉన్నవారితో పోలిస్తే ఇక్కడ పెద్ద తేడా లేదు. కానీ గర్భసంచి తొలగించాల్సి రావడం 0.2 నుంచి 0.6 శాతానికి, రక్తం ఎక్కించాల్సి రావడం 1.6 నుంచి 3.2 శాతానికి పెరిగాయి. 2010లో తహ్‌సీన్, గ్రిఫిత్స్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి సాఫల్యం 71.1 శాతమని, చిట్లింపు 1.36 శాతమని లెక్కగట్టారు.

మూడు, అంతకుమించి కోతలున్న 89 మంది ప్రయత్నించగా ఒక్కరికీ చిట్లలేదని 2010లో కేహిల్ బృందం ప్రకటించింది. ఇది ఉత్సాహపరిచే ఫలితమే అయినా సంఖ్య చిన్నది. 89 మందిలో సున్నా అంటే, గణాంక శాస్త్రం ప్రకారం అసలు ప్రమాదం మూడు శాతం పైచిలుకు దాకా ఉండవచ్చు. ఇటువంటి సంఖ్యను ధైర్యం చెప్పడానికి వాడకూడదు.

సగటు అంకె అందరికీ ఒకేలా వర్తించదు. ఇదివరకు సహజ కాన్పు అయి ఉండటం అన్నిటికన్నా మేలైన సూచన. నొప్పులు వాటంతటవే రావడం మరొకటి. మందులతో నొప్పులు తెప్పించినా పెంచినా చిట్లే ప్రమాదం రెండు మూడు రెట్లవుతుంది. పాత సిజేరియన్ ఉన్న స్త్రీకి నెలలు నిండాక నొప్పుల కోసం మిసోప్రోస్టాల్ వాడకూడదు. నిలువు కోత ఉన్నవారు, ఒకసారి గర్భసంచి చిట్లినవారు, మాయ గర్భద్వారానికి అడ్డుగా ఉన్నవారు ఈ ప్రయత్నానికి దూరంగా ఉండాలి.

సహజ ప్రయత్నం సఫలమైతే తల్లికి అన్నిటికన్నా తక్కువ హాని. మధ్యలో విఫలమై హడావుడిగా కోయాల్సి వస్తే అన్నిటికన్నా ఎక్కువ హాని. ముందే నిర్ణయించిన సిజేరియన్ ఈ రెంటికీ నడుమ ఉంటుంది. కాబట్టి ఎవరిని ఎంపిక చేస్తారన్నదే కీలకం.

4. మూడో కోత ఖరీదు

సహజ కాన్పు ప్రమాదాన్ని మాత్రమే లెక్కేసి, మూడో కోతను ‘సేఫ్’ అనడం సగం లెక్క. 2006లో సిల్వర్ బృందం 30 వేల పైచిలుకు సిజేరియన్లను విశ్లేషించింది. మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయే స్థితి తొలి సిజేరియన్లో 0.24 శాతం, మూడో దానిలో 0.57 శాతం, నాలుగో దానిలో 2.13 శాతం. మాయ కిందికి దిగి అడ్డుపడినవారిలో లెక్క వేరు. తొలి సిజేరియన్లో 3 శాతం, రెండో దానిలో 11, మూడో దానిలో 40. ఇటువంటి కాన్పుల్లో రక్తస్రావం ఆపలేక గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. పేగులు, మూత్రాశయం అతుక్కుపోయి ఆపరేషన్ కష్టం కావడం దీనికి అదనం. రెండు కోతలున్న ప్రతి గర్భిణికీ మాయ ఎక్కడుందో స్కానింగులో ప్రత్యేకంగా చూడాలి. సహజ కాన్పు కోరుకున్నా, కోరుకోకపోయినా ఇది తప్పదు.

5. నాయుడుపేట నుంచి చూస్తే

స్వర్ణముఖి ఒడ్డున, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉన్న నాయుడుపేట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోది. ఆ నెలలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పరిపాలన మారినా దూరాలు మారలేదు. ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రసూతి ఆసుపత్రి ఉన్న తిరుపతి, ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్న నెల్లూరు రెండూ రమారమి 60–70 కిలోమీటర్లు. వాకాడు, కోట వైపు తీర గ్రామాల వారికి తిరుపతి ఇంకా దూరం.

గర్భసంచి చిట్లితే బిడ్డను కాపాడే వ్యవధి నిమిషాల్లో ఉంటుంది. చాలాసార్లు తొలి సంకేతం బిడ్డ గుండె చప్పుడు తగ్గడమే. దాన్ని పట్టుకోవాలంటే నొప్పుల పొడవునా గుండె చప్పుడు నమోదవుతుండాలి. మత్తు డాక్టరు, థియేటరు, రక్తం అక్కడే సిద్ధంగా ఉండాలి. 108 వాహనం ఎంత వేగంగా వచ్చినా ఇక్కడి నుంచి తిరుపతి గంట దారి. అందుకే రెండు కోతలున్న స్త్రీ నొప్పులు మొదలయ్యాక నాయుడుపేట నుంచి బయలుదేరడం ఆలస్యమే. నెలలు నిండే సమయానికే పెద్దాసుపత్రికి దగ్గరగా చేరాలి. ఇంట్లో ప్రయత్నించి చూద్దామన్న ఆలోచనకు తావు లేదు.

దూరం కన్నా తక్కువగా కనబడే అడ్డంకి కాగితం. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఈ ప్రాంతపు కోడళ్ల పుట్టిళ్లు గూడూరు, శ్రీకాళహస్తి వైపే కాక తమిళనాడులోనూ ఉంటాయి. తొలి కోత ఒక ఊళ్లో, రెండోది మరో ఊళ్లో అవుతుంది. ఏ కోత కోశారు, ఎందుకు కోశారు, గర్భద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకున్నాక కోశారు అన్న వివరాలు డిశ్చార్జి సమ్మరీలో ఉండాలి. చాలా సమ్మరీల్లో అవి ఒక్క ముక్కతో ముగుస్తాయి, లేదా ఇంట్లో ఆ కాగితమే మిగలదు. పొట్ట మీది మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోతా అడ్డమేనని చెప్పలేం. ఎదురుకాళ్ల బిడ్డ కాబట్టి కోసిన కోతకూ, నొప్పులు ముందుకు సాగక కోసిన కోతకూ తర్వాతి కాన్పులో వేర్వేరు అర్థాలున్నాయి. మొదటిదానిలో కారణం ఆ కాన్పుతోనే పోయింది. రెండోదానిలో అది మళ్లీ ఎదురుకావచ్చు. మంచి రోజు, మంచి గడియ చూసి కోసిన కోతకైతే వైద్య కారణమే లేదు. వైద్యపరంగా అలా కోత పడిన స్త్రీకి సహజ కాన్పు అవకాశం మెరుగ్గానే ఉండేది. సమ్మరీలో మాత్రం ఆ సంగతి ఎవరూ రాయరు.

6. మారుతున్న జనాభా విధానం

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల పోటీకి అనర్హులను చేసింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను రద్దు చేసింది. ఎక్కువ మంది పిల్లలను కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగంగానే పిలుపునిస్తున్నారు. ముప్పై ఏళ్లు ‘ఇద్దరు చాలు’ అన్న రాష్ట్రం ఇప్పుడు మూడో బిడ్డను కోరుతోంది. ఆ మూడో బిడ్డను మోయాల్సింది చాలాచోట్ల రెండు కుట్లున్న గర్భసంచి. విధాన చర్చలో దంపతుల ఆదాయం, సెలవులు, ప్రోత్సాహకాలు వినిపిస్తున్నాయి గానీ ఈ శారీరక వాస్తవం వినపడటం లేదు.

7. ముగింపు

పై పరిశీలన మూడు పనులను సూచిస్తోంది. మొదటిది, తల్లీబిడ్డ రక్షణ కార్డులో లోపలి కోత రకం, కోతకు కారణం తప్పనిసరిగా నమోదు చేయడం. రూపాయి ఖర్చు లేని ఈ పనికి ఏఎన్ఎం అడగడం, డాక్టరు రాయడం చాలు. రెండోది, సిజేరియన్ల లెక్కను మైకేల్ రాబ్సన్ 2001లో రూపొందించిన పది వర్గాల పద్ధతిలో ఆసుపత్రి వారీగా చూడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఈ పద్ధతిలో పాత కోతలుండి, నెలలు నిండాక తల కిందికి ఉన్న ఒకే బిడ్డతో కాన్పుకు వచ్చినవారు ఐదో వర్గం. ఆ వర్గం ఏటికేడు పెరుగుతోందంటే తొలి కాన్పుల్లోనే అనవసర కోతలు పడుతున్నాయేమో వెతకాలి. మూడోది, ఒకే కోతతో రెండో కాన్పుకు వచ్చిన స్త్రీకి సహజ ప్రసవ అవకాశాన్ని నిజంగా ఇవ్వడం. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో తెలంగాణ మొదలుపెట్టిన మిడ్‌వైఫ్ నర్సుల శిక్షణ, నొప్పుల్లో పక్కన నిలబడే మనిషి ఉండాలన్న అవసరాన్ని గుర్తించిన ప్రయత్నమే.

రెండు కోతల తర్వాత సహజ కాన్పు తగిన స్త్రీకి, తగిన ఆసుపత్రిలో సమంజసమైన ఎంపిక. అయితే అలాంటి నలుగురికి తిరుపతిలో సురక్షితంగా కాన్పు చేయడం కన్నా, నలభై మందికి ఆ పరిస్థితే రాకుండా నాయుడుపేటలో తొలి కాన్పు దగ్గర ఆగి ఆలోచించడం ఎక్కువ ఫలితమిస్తుంది. క్రాగిన్ 1916లో చేసిన హెచ్చరిక కూడా తొలి కోత గురించినదే.